విజ్ఞానసర్వస్వ వ్యాస పరీక్ష - విద్యార్థి అధికారం

శాస్త్రగ్రంథారంభంలో అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం మన సంప్రదాయం. వీనిలో అధికారి నిరూపణం నేటి విద్యావిధానంలో మరొక రూపంలో కనిపిస్తున్నది. 2013లో ఏర్పడిన వికీ ఎడ్యుకేషన్ అనే సంస్థ అమెరికా, కెనడా దేశాల కళాశాలలలో కొన్ని పాఠ్యక్రమాలకు తోడ్పడుతున్నది. వానిలో విద్యార్థులు అంతర్జాల విజ్ఞానసర్వస్వమైన వికీపీడియాలో సభ్యులై, తొలుత తమ్ము తాము పరిచయం చేసుకొంటారు. పిదప తమ పాఠ్యవిషయానికి చెందిన ఒక వ్యాసాన్ని ఎన్నుకొని గుణదోష పరీక్ష చేస్తారు. ఈ అభ్యాసం ప్రాచ్యకళాశాలల విద్యార్థులకు ఎట్లు ఉపకరించగలదో నిరూపించడమే ఈ వ్యాసోద్దేశం.

పరిచయమనగా ఇక్కడ ఊరు, పేరు, వంశం చెప్పుకొనడం కాదు. తాను ఏ శాస్త్రాన్ని ఎంతవరకు చదివినదీ, ఏయే భాషల మూలాలను స్వయంగా చూడగలదీ విద్యార్థి తెలుపవలెను. సంస్కృతం రానివాడు ఆంధ్ర మహాభారతం మూలాన్ని ఎంతవరకు అనుసరించినదో తేల్చజాలడు. తన పరిధిని తెలిపిన పరీక్షకుని తీర్పుకే విలువ కలదు.

కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వాన్ని తలపెట్టి, అది పూర్తికాకమునుపే 1923లో కీర్తిశేషులైనారు. అట్టి గ్రంథాలలో సంపాదకుని పాండిత్యమే పాఠకునికి పూచీ. 2001లో ఆంగ్లంలోను, 2003లో తెలుగులోను మొదలైన వికీపీడియాలో ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. కనుక పూచీ వ్యక్తినుండి ఆధారానికి మారినది. పరీక్షాభారం పాఠకునిపై పడినది.

పరీక్షావిధానానికి వేమనను ఉదాహరణంగా గ్రహింతము. “వేమన వేలాది పద్యాలు రచించెను” అనునది ఒక వాక్యం. “వేమన పేర వేలాది పద్యాలు ప్రచారంలో ఉన్నవి” అనునది మరొకటి. రెండవదానికి వ్రాతప్రతులు, ముద్రితప్రతులు సాక్ష్యం. మొదటిదానికి కర్తృత్వ నిరూపణం కావలెను. మకుటమున్నంత మాత్రాన పద్యం వేమనదని చెప్పజాలము, ఆ మకుటాన్ని ఎవరైనను చేర్చవచ్చును గనుక. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించినాడన్నది ఆ గ్రంథాన్ని చూచి నిర్ధారింపదగిన విషయం. కాని వేమన కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అట్టిచోట ఒక్క శతాబ్దినే నిశ్చయంగా చెప్పిన వ్యాసం పక్షపాత దోషానికి గురియైనట్లే. “మహోన్నతుడు”, “అద్వితీయుడు” వంటి ప్రశంసలు అర్థవాదాలు. వానిని తొలగించి చూచినపుడు వ్యాసంలో మిగిలిన విషయమెంతో తెలియును.

వికీపీడియా వ్యాసానికి చరిత్రపుట, చర్చాపుట అని రెండు అంగాలు కలవు. వ్రాతప్రతులలో ఏ మార్పు ఎప్పుడు జరిగినదో ఊహింపవలసి వచ్చును. చరిత్రపుటలో ప్రతి మార్పును తేదీతో, వేళతో నిలిచి ఉండును. పాఠపరిష్కరణం నేర్చిన విద్యార్థికి ఇది పరిచితమైన పనియే. చర్చాపుటలో పూర్వపక్ష సిద్ధాంతాలు కనిపించును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అన్యోన్యాశ్రయ దోషం. ఆధారం లేని ఒక వాక్యం విజ్ఞానసర్వస్వంలో చేరును. ఒక పత్రికా వ్యాసకర్త దానిని గ్రహించును. పిదప ఆ పత్రికావ్యాసమే ఆ వాక్యానికి ఆధారంగా చూపబడును. చూపునకు రెండు సాక్ష్యాలు, విచారింపగా ఒక్కటియు లేదు. ఆధారమున్నదా అని అడిగి ఊరకుండరాదు. ఆ ఆధారం ఏ కాలానిది, దేనినుండి గ్రహింపబడినది అని మూలం వరకు పోవలెను.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తింపవలెను. తాత్పర్య నిర్ణయ లింగాలలో అపూర్వత ఒకటి. పరిశోధన గ్రంథానికి అది ప్రాణం. వికీపీడియా నియమాలు మాత్రం మౌలిక పరిశోధనను నిషేధించుచున్నవి. అందుచేత విజ్ఞానసర్వస్వం పరిశోధనకు ద్వారం కావచ్చును గాని ప్రమాణం కాజాలదు. దానినుండి ఎత్తివ్రాసిన వాక్యం సిద్ధాంతగ్రంథంలో చేరినచో, తరువాతి పరిశోధకునికి అదియే ఆప్తవాక్యమగును. ఒక తరం అజాగ్రత్త మరొక తరానికి ప్రమాణమగుట విద్యకు తీరని హాని.

కావున అధ్యాపకులు ప్రతి విద్యార్థికిని తన విషయానికి చెందిన ఒక వ్యాసాన్ని నిర్దేశించి, అందలి మూడు వాక్యాలనైనను మూలగ్రంథం వరకు శోధించి వ్రాయింపవలెను. ఆ పత్రానికి విద్యార్థి స్వీయాధికార నిరూపణమే మొదటి పంక్తి కావలెను.