చేతిపనికి గట్టి బల్ల

మన పల్లెల్లో వడ్రంగి నేలమీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి చిత్రిక పడతాడు. తరాలుగా నాగళ్లు, బండ్లు, తలుపులు అలాగే తయారయ్యాయి. అయితే కొత్తగా నేర్చుకునే కుర్రవాడికి ఆ కాలిపట్టు త్వరగా కుదరదు. చెక్క జారుతుంది, ఉలి వేలిమీదికి వస్తుంది. గట్టి పనిబల్ల ఉంటే చెక్కను బల్లే పట్టుకుంటుంది, వాడి రెండు చేతులూ పనిముట్టు మీద ఉంటాయి.

ముండ్లమూరు ప్రాంతంలో దొరికే వేప, నల్లతుమ్మ రెండూ గట్టి కర్రలే. కానీ పచ్చికర్ర ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది, పగులుతుంది. అంగుళం మందానికి సుమారు ఏడాది నీడన ఆరాలని పాత లెక్క. అంటే 3 అంగుళాల పలకకు మూడేళ్లు. అంతకాలం ఆగలేకపోతే పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు మేలు. చెదపట్టనివి ఏరి, మేకులన్నీ పీకించాలి. ఒక్క మేకు మిగిలినా చిత్రిక పదును పోతుంది.

పైపలక 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం ఉండాలి. కాళ్లు 4 అంగుళాల చదరం. నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అదే బల్ల ఎత్తు. మామూలు మనిషికి 32 అంగుళాలు సరిపోతుంది. ఎత్తు ఎక్కువైతే ఒంటి బరువు చిత్రిక మీద పడదు, తక్కువైతే నడుము పట్టేస్తుంది.

మేకులతో బిగించిన కాళ్లు పని సాగేకొద్దీ వదులవుతాయి. అందుకే అడ్డకర్రల కొసలను కుసులుగా చెక్కి, కాళ్లకు తొలిచిన బెజ్జాల్లో దిగ్గొట్టి, చెక్క చీలలు వేయాలి. చీలలు వేసేముందు చట్రాన్ని మూల నుంచి మూలకు తాడుతో కొలవాలి. రెండు కొలతలూ సమానమైతేనే అది మూలమట్టానికి ఉన్నట్టు. ముందుకాళ్లు పైపలక అంచుకు సరిసమంగా ఉంటే, నిలువు పలకను కాలికి ఆనించి బిగించుకోవచ్చు. ఎడమ కొసన ఒక అడ్డుచెక్క, ముందు అంచున ఎడమవైపు ఒక వైస్ చాలు. ఎడమచేతి వాటమైతే ఇవి కుడివైపు ఉండాలి. వైస్ దవడలకు చెక్కముక్కలు తొడిగితే పలకకు గాట్లు పడవు.

చేతిపని చదువులో భాగం కావాలన్నది కొత్త మాట కాదు. 1937లో గాంధీజీ వార్ధాలో నయీ తాలీం ఆలోచనను ముందుపెట్టినప్పుడు, దాని పాఠ్యప్రణాళిక కమిటీకి అధ్యక్షత వహించినది హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఇస్తుంది. అది 18 ఏళ్లు నిండి, ఇప్పటికే వృత్తిలో ఉన్నవారికి. పదో తరగతితో చదువు ఆగి, ఇప్పుడిప్పుడే రంపం పట్టిన పిల్లవాడు దాని కిందికి రాడు. వాడికి ఆసరా మనమే కావాలి. దాతలారా, మీ పాత ఇల్లు విప్పించేటప్పుడు దూలాలను పొయ్యిలోకి పంపకండి. నాలుగు మంచివి పక్కన పెట్టించండి. వాటితో తయారైన బల్ల దగ్గర ఏటేటా కొందరు పిల్లలు పని నేర్చుకుంటారు.