డబ్బాలో పొడి, వదిన కళ్లల్లో ఆశ

కిందటేడు మా వదినకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో కీమో అయ్యేసరికి ఒంట్లో ఓపిక లేదు, నోటికి రుచి లేదు. సరిగ్గా అప్పుడే తెలిసినాయన ఒకరు పుట్టగొడుగుల పొడి డబ్బా పట్టుకొచ్చారు. "జపాన్ మందమ్మా! గడ్డ దానంతటదే కరిగిపోతుంది. ఇక ఆ ఇంజెక్షన్లూ అవీ ఎందుకు?" అన్నారు. వదిన మొహంలో ఆశ చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదు. సంగతేమిటో కనుక్కుందామని నాలుగు రోజులు అదే పనిగా చదివాను.

చిత్రమేమిటంటే, ఆయన చెప్పినదాంట్లో కొంత నిజముంది. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన పదార్థాలు ఎలుకల్లో కణితుల పెరుగుదలను అణిచాయని 1969లో జపాన్ శాస్త్రవేత్త గోరో చిహారా బృందం ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనదే లెంటినాన్. ఇది బీటా గ్లూకాన్ జాతిది. మన అన్నంలోని పిండిపదార్థంలాగే ఇదీ గ్లూకోజుతో అల్లిన గొలుసే, అల్లిక మాత్రం వేరు. ఇది క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. బూజు జాతి ఏదో లోపలికి చొరబడిందనుకుని మన రక్షక కణాలు ఉలిక్కిపడి లేస్తాయి. వీధిలో 'దొంగ, దొంగ' అని అరిస్తే అందరూ కర్రలు పట్టుకుని బయటికి వచ్చినట్టన్నమాట!

ఎండుమొద్దుల మీద విసనకర్రల్లా పెరిగే మరో రకం నుంచి క్రెస్టిన్ తయారుచేశారు. జపాన్ ప్రభుత్వం 1977లో దానికీ, 1985లో లెంటినాన్‌కూ అనుమతిచ్చింది. ఇక్కడే ఉంది అసలు మెలిక. అక్కడి డాక్టర్లు వాటిని కీమోతోపాటే వాడారు, కీమో మానిపించి కాదు. పైగా లెంటినాన్ శుద్ధిచేసి నరానికెక్కించే ఇంజెక్షన్. చెంచాతో పాలల్లో కలుపుకునే పొడి కాదు.

డబ్బా తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాను. అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏది ఎంతుందో రాయలేదే! కీమో జరుగుతుండగా నాకు చెప్పకుండా ఏ పొడీ వేయకండి" అన్నారు. మరి కూర? "బాగా ఉడికించి పెట్టండి, తిననివ్వండి" అని నవ్వారు. బజార్లో దొరికేవే సుమా, వానకు పెరట్లో మొలిచినవి కాదు.

వదినకు చెప్పడమే కష్టమైంది. చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది. "అయితే మూడోది ఎప్పుడే?" అంది చివరికి. సోమవారం అన్నాను. ఆ ఆదివారం మిరియాలు దట్టించి పుట్టగొడుగుల వేపుడు చేశాను. నాలుగు ముద్దలు తింది.

డబ్బా తిరిగిస్తే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. ఇప్పటికీ మా ఇంటికి రావడం లేదు.