సర్వర్ లేవగానే పాత ఫైలు ముందుకొస్తే



గత నెల ఒక సోమవారం ఉదయం మా తొమ్మిదో తరగతి పేజీలో పోయినేడాది యూనిట్ టెస్ట్ టైమ్‌టేబుల్ కనిపించింది. ఒక అమ్మగారు అది చూసి బాబు చేత సోషల్ చదివించి పంపారు. ఆ రోజు పరీక్ష మ్యాథ్స్. మీలో కొందరు ఫోన్ రీస్టార్ట్ చేశారట, బ్రౌజర్ హిస్టరీ కూడా తుడిచారట. ఫోన్ల తప్పేం లేదండీ. తప్పు మా కంప్యూటర్ క్లబ్ సర్వర్‌లో ఉంది. నిజం చెప్పాలంటే, నాది.

ఆ సర్వర్‌లో నడిచేది ఇంజిన్‌ఎక్స్ అనే ప్రోగ్రామ్. ఇగోర్ సిసోయెవ్ దాన్ని 2004లో విడుదల చేశారు. ఏ సైటు పేరు అడిగితే ఏ ఫోల్డర్‌లోని పేజీలు చూపించాలో దానికి చెప్పేవి కాన్ఫిగరేషన్ ఫైళ్లు. మొదలయ్యేటప్పుడు వాటిని చదువుకుంటుంది. మళ్లీ చదవమని మనం చెప్పేదాకా వాటి వైపు చూడదు.

నేను బోల్తా పడింది ఇక్కడే. జూన్‌లో 'పేరెంట్స్' అనే కొత్త ఫైలు పెట్టాను. సైటు బాగానే వస్తోందని చూసుకున్నాక, ఎందుకైనా మంచిదని పాత ఫైలును 'బ్యాకప్' అనే పేరుతో అదే ఫోల్డర్‌లో పడేశాను. మా ఉబుంటు సర్వర్‌లో ఆ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఫైలున్నా ఇంజిన్‌ఎక్స్ చదివేస్తుంది. అయినా నెలల తరబడి ఏమీ కాలేదు. ఆదివారం రాత్రి కరెంటు పోయి, సర్వర్ ఆగి, మళ్లీ లేచింది. ఈసారి రెండు ఫైళ్లూ చదివింది. రెండింట్లోనూ ఒకే సైటు పేరు! అలాంటప్పుడు ముందు చదివినదే చెల్లుతుంది. రెండోదాన్ని వదిలేస్తున్నానని లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. ఇంగ్లిష్ అక్షరాల వరసలో 'బి' ముందు, 'పి' తర్వాత. అలా పోయినేడాది పేజీలు బయటికొచ్చాయి.

ఇప్పుడు సర్వర్ లేచేటప్పుడు ఒక చిన్న స్క్రిప్ట్ ముందు నడుస్తుంది. అసలు ఫైళ్లు వేరేచోట ఉంటాయి, ఈ ఫోల్డర్‌లో వాటికి లింకులే ఉంటాయి. స్క్రిప్ట్ లింకులన్నీ తీసేసి, ఈ ఏడాది జాబితాలో ఉన్నవాటికే మళ్లీ పెడుతుంది. హాజరుపట్టీలో పేరు కొట్టేసినా అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటుంది కదా, అలాగన్నమాట. లింకు కాని ఫైలు కనబడితే తుడిచెయ్యదు, వేరే ఫోల్డర్‌లోకి జరుపుతుంది. క్లబ్ పిల్లలు "అన్నీ డిలీట్ చేసేద్దాం సార్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. చేత్తో రాసుకున్న ఫైలు పోతే మళ్లీ ఎవరు రాయాలి?

ఆ తర్వాత ఇంజిన్‌ఎక్స్‌లోనే ఉన్న టెస్ట్ ఆదేశం నడుస్తుంది. అది రాతలో తప్పులుంటే పట్టుకుంటుంది గానీ, ఇలాంటి పేర్ల గొడవకు మాత్రం హెచ్చరించి పాస్ చేసేస్తుంది. అందుకే ఏ హెచ్చరిక వచ్చినా నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టాం.

బాబుకు మ్యాథ్స్ టెస్ట్ మళ్లీ పెట్టాం. ఇకపై ప్రతి పేజీ పైన విద్యా సంవత్సరం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది తేడాగా కనిపిస్తే రిఫ్రెష్ చేస్తూ కూర్చోకండి, వెంటనే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి.