లైసెన్స్ వచ్చింది కదా, విమానం తాళం ఎందుకివ్వరు?

పోయిన ఎపిసోడ్‌లో అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ సంగతి చెప్పుకున్నాం. కనీసం 40 గంటల ఫ్లయింగ్, ఒక రాత పరీక్ష, చివర్లో చెక్‌రైడ్. పాసైతే ఆ రోజే టెంపరరీ సర్టిఫికెట్ చేతిలో పెడతారు. నాకూ పెట్టారు.

అప్పుడు అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఈలోపు నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఎగరాలని నా ఆరాటం. నేను నేర్చుకున్న స్కూల్లో సెస్నా 172లన్నీ బుక్ అయిపోయాయి. అదే ఎయిర్‌పోర్ట్‌లోని ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో పైపర్ వారియర్ ఖాళీగా ఉందంటే చేరిపోయాను. తాళం అడిగితే, "ముందు చెకౌట్ అవ్వాలి" అన్నారు.

ఒళ్ళు మండింది. గవర్నమెంటే నన్ను పైలట్ అన్నాక మధ్యలో వీళ్ళెవరు?

చట్టం ప్రకారం నా వాదన తప్పు కాదు. నా లైసెన్స్ మీద సింగిల్ ఇంజిన్ ల్యాండ్ అని ఉంది. సెస్నాలో నేర్చుకుని మర్నాడే వారియర్ నడిపినా ఎఫ్ఏఏ ఏమీ అనదు. ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటితేనో, తోక కింద చక్రం ఉన్న రకమైతేనో ఇన్‌స్ట్రక్టర్ విడిగా ట్రైనింగ్ ఇచ్చి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. వారియర్‌కి అవేవీ అక్కర్లేదు.

కానీ విమానం క్లబ్‌ది. డ్రైవింగ్ లైసెన్స్ ఉంది కదా అని పక్కింటి అంకుల్ తన కొత్త కారు తాళం ఇచ్చేస్తాడా? పైగా క్లబ్ వెనకాల ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటుంది. ఎవరు నడపొచ్చు, ఎంత అనుభవం ఉండాలి అన్నది పాలసీలోనే రాసి ఉంటుంది. అందుకే ఒక్కో క్లబ్‌ది ఒక్కో రూలు.

నా చెకౌట్‌లో మొదట పేపర్ మీద ప్రశ్నలు. ఏ స్పీడ్‌లో స్టాల్ అవుతుంది, ఇంజిన్ ఆగితే ఏ స్పీడ్‌లో గ్లైడ్ చేయాలి, ముగ్గురు ఎక్కితే ఎంత పెట్రోల్ పోయొచ్చు. విమానం మాన్యువల్ చూసి రాయొచ్చు. తర్వాత గాల్లో స్లో ఫ్లయిట్, స్టాల్స్, స్టీప్ టర్న్స్, రకరకాల ల్యాండింగ్‌లు. ఇవన్నీ చెక్‌రైడ్‌లో చేసినవే, బాగానే వచ్చాయి.

దొరికిపోయింది పెట్రోల్ దగ్గర.

సెస్నా 172లో రెక్కలు పైన ఉంటాయి, పెట్రోల్ దానంతటదే కిందికి దిగుతుంది. సెలెక్టర్‌ని 'బోత్' మీద పెడితే రెండు ట్యాంకుల నుంచీ వస్తుంది. వారియర్‌కి రెక్కలు కింద, పెట్రోల్‌ని పంపు పైకి లాగాలి. సెలెక్టర్‌లో 'బోత్' ఉండదు. లెఫ్ట్ లేదా రైట్, అంతే. పాత బైక్‌లో రిజర్వ్ తిప్పినట్టు మనమే గుర్తుపెట్టుకుని మార్చాలి.

ఇన్‌స్ట్రక్టర్ ఉన్నట్టుండి పవర్ తగ్గించేసి, "ఇంజిన్ పోయింది, ఏం చేస్తావ్?" అన్నాడు. గ్లైడ్ స్పీడ్ పట్టుకున్నా, దిగడానికి పొలం చూసుకున్నా. ఎలక్ట్రిక్ పంపు వేయలేదు, ట్యాంక్ మార్చలేదు. "ఇంజిన్ ఇప్పుడు ఏ ట్యాంక్ పెట్రోల్ తాగుతోంది?" అని అడిగాడు. నాకు తెలీదు. ఒక ట్యాంక్ ఎండిపోయి, రెండోది నిండుగా ఉండగానే పొలంలో దిగిన విమానాలు నిజంగా ఉన్నాయండీ. నా లాప్‌టాప్‌లో నడిచిన కోడ్‌ని ఇంకో మెషీన్‌లో పడేసి నడుస్తుందనుకున్నట్టుంది నా పని.

ఆ రోజు సంతకం పెట్టలేదు. ఇంకో ఫ్లయిట్ చేయమన్నాడు. డబ్బు ఇంకొంచెం వదిలింది, కానీ ఆయన మీద కోపం మాత్రం పోయింది.

క్లబ్‌లో చేరేముందు రెండు విషయాలు అడగండి. ఒకటి, విమానానికి దెబ్బ తగిలితే డిడక్టిబుల్ ఎవరు కట్టాలి? క్లబ్ ఇన్సూరెన్స్ ముందు కాపాడేది క్లబ్‌ని. అద్దెకు తీసుకునే పైలట్ల కోసం విడిగా పాలసీలు దొరుకుతాయి. రెండు, ఎన్ని రోజులు ఎగరకపోతే మళ్ళీ చెకౌట్? ప్యాసింజర్‌ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు ఉండాలన్నది ఎఫ్ఏఏ రూలు. క్లబ్ రూలు ఇంకా గట్టిగా ఉండొచ్చు.

రెండో ఫ్లయిట్‌కి సంతకం పడింది. టికెట్ డేట్‌కి ఇంకా మూడు రోజులుంది. అమ్మ రానంటే రానంది. వారియర్‌కి ఒకటే తలుపు, అదీ కుడివైపు. ముందు నేను దూరి, తర్వాత నాన్న రెక్క మీద అడుగేసి ఎక్కారు. బెల్టు పెట్టుకుంటూ అడిగారు, "పెట్రోల్ చూసుకున్నావట్రా?"

"రెండిట్లోనూ ఉంది నాన్నా" అన్నాను.