మీగడ తేలే కాఫీ



కాఫీలో విస్కీ పోయడమేమిటి, మన ఫిల్టర్ కాఫీకి ఎంత అపచారం అని మీలో కొందరు నొచ్చుకోవచ్చు. కానీ ఐరిష్ కాఫీ అనే ఈ కాక్‌టెయిల్ పుట్టింది విలాసం కోసం కాదు, చలికి వణికిపోతున్న ప్రయాణికుల కోసం.

1939లో పాన్ అమెరికన్ సంస్థ అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టింది. అవి నీటి మీద దిగే విమానాలు. ఐర్లండ్‌లో షానన్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఫోయిన్స్ అనే చిన్న ఊరు వాటికి రేవు. విమానంలోనే భోజనశాల, పడకలు. ప్రకటనల్లో చూస్తే అంతా రాజభోగమే! అయితే అమెరికా వైపు వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. అది మరీ ఉధృతమైతే ఇంధనం చాలదు, నడిసముద్రం నుంచి వెనక్కి తిరగవలసిందే.

1943 శీతకాలంలో ఒక రాత్రి అలా వెనుదిరిగిన ప్రయాణికులు పడవల్లో ఒడ్డు చేరారట. అక్కడి వంటవాడు జో షెరిడన్ వేడి కాఫీలో ఐరిష్ విస్కీ, చక్కెర కలిపి, పైన మీగడ వేసి ఇచ్చాడు. ఇది బ్రెజిల్ కాఫీయా అని ఒకరడిగితే, కాదు, ఐరిష్ కాఫీ అన్నాడని చెప్పుకుంటారు. కథకు కొంత నగిషీ పడి ఉండవచ్చు లెండి.

ఇందులో కిటుకంతా మీగడదే. మన ఇళ్ళలో పాల మీద కట్టే మీగడ కాదు, పాల నుంచి విడదీసిన పలచటి క్రీము. విస్కీ పడిన వేడి కాఫీ నీటికన్నా తేలిక, కనుక చల్లని మీగడ అందులో మునిగిపోతుంది. చక్కెర కరిగితే కాఫీ బరువెక్కుతుంది. మీగడను కాస్త చిలికితే, వెన్న పడేదాకా కాదు సుమా, గాలి చేరి తేలికవుతుంది. అప్పుడు చెంచా వెనుకవైపు మీదుగా మెల్లగా జార్చాలి. చక్కెర వద్దనేవారికి ఈ ముచ్చట తీరడం కష్టం. తాగేటప్పుడు కలపకూడదు. చల్లని మీగడలోంచి వేడి కాఫీ పెదవికి తగలాలి.

1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా కెఫేలో యజమాని జాక్ కెప్లర్, పత్రికా రచయిత స్టాంటన్ డెలాప్లేన్ ఎన్నిసార్లు ప్రయత్నించినా మీగడ మునుగుతూనే వచ్చింది. ఆ ఊరికి తరువాత మేయరైన పాల వ్యాపారి ఒకరు, మీగడను 48 గంటలు నిలవ ఉంచి చిలకమని సలహా ఇచ్చాక గాని కుదరలేదట. షెరిడన్ కూడా అమెరికా వెళ్ళి ఆ కెఫేలోనే పనిచేశాడు.

ఫోయిన్స్‌కు ఆ విమానాల రాక 1945తో ఆగిపోయింది. నదికి ఆవలి ఒడ్డున షానన్ విమానాశ్రయం వెలిసింది. ఫోయిన్స్‌లోని పాత భవనం ఇప్పుడు మ్యూజియం. అందులో ఆ విమానం నమూనాను నిలువెత్తున కట్టి ఉంచారు.