పరాయి దేశంలో మన తరఫు మనిషి

పరాయి దేశంలో అడుగు పెట్టగానే మనందరికీ ముందు తలకిందులయ్యేది పేరు. ఏ ఫారం నింపినా ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. ఏది ఏదో వాళ్ళకు అర్థం కాదు, వాళ్ళడిగింది మనకు అర్థం కాదు. చివరికి డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో మనల్ని పుట్టింటి ఇంటిపేరుతోనో, అత్తింటి ఇంటిపేరుతోనో గట్టిగా పిలుస్తారు. ఆ పిలుపు మనకేనని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పడుతుంది.

ఈ తంటా మనతో మొదలైంది కాదు. దాదాపు వందేళ్ళ క్రితం దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసిన ఒక తెలుగాయనను అక్కడివాళ్ళు ‘సర్ కూర్మా రెడ్డి’ అనేవాళ్ళు. ఇంగ్లీషు పద్ధతిలో ‘సర్’ తర్వాత రావలసింది మనిషి పేరు. కూర్మా ఆయన ఇంటిపేరు. పూర్తి పేరు కూర్మా వెంకటరెడ్డి నాయుడు. అంత పెద్ద ఉద్యోగం చేసినాయన పేరు కూడా మన పేర్లలాగే తిరగబడిందన్నమాట.

నేను డార్విన్‌లో ఉంటాను. ఆస్ట్రేలియా పటంలో పైన కొసకు ఉన్న ఊరు. మాకు సిడ్నీ కంటే జకార్తా దగ్గర. ఇక్కడ పూర్తిస్థాయి భారత కాన్సులేట్ లేదు. పాస్‌పోర్టు పనో, ఇండియాలో ఆస్తి కాగితాల పనో పడితే పోస్టులో పంపుకోవడమో, విమానం ఎక్కడమో చెయ్యాలి. అందుకేనేమో, ‘మన తరఫున మాట్లాడే మనిషి’ అన్న మాట మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉన్నవాళ్ళకంటే మాకు కాస్త గట్టిగా తగులుతుంది. వెంకటరెడ్డి నాయుడుగారి గురించి చదువుతున్నప్పుడు నాకు పదేపదే వచ్చిన ప్రశ్న కూడా అదే. అలాంటి మనిషి మనకు ఏం చేసి పెట్టగలడు? ఏం చెయ్యలేడు?

ఆయన 1875లో పుట్టారు, గోదావరి ప్రాంతం వారు. మద్రాసులో చదువుకుని, లా పూర్తిచేసి, 1900 ప్రాంతంలో వకీలుగా ప్రాక్టీసు పెట్టారు. తర్వాత జస్టిస్ పార్టీలో చేరారు. బ్రాహ్మణేతరులకు చట్టసభల్లో, ఉద్యోగాల్లో వాటా కావాలని అడిగిన పార్టీ అది. 1919లో ఆ వాదన వినిపించడానికి లండన్ వెళ్ళిన బృందంలో ఆయనొకరు. 1920లో మద్రాసు రాష్ట్రంలో ఏర్పడిన తొలి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1928లో జెనీవాలో జరిగిన నానాజాతి సమితి సమావేశాలకు భారత ప్రతినిధుల్లో ఒకరిగా వెళ్ళారు. ఆ మరుసటి ఏడాది, 1929లో, దక్షిణాఫ్రికాకు భారత ప్రభుత్వ ఏజెంటుగా పంపారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు కాబట్టి రాయబారి అనే హోదా లేదు. ఏజెంటు అనేవారు. పని మాత్రం రాయబారి పనే.

ఆయన వెళ్ళింది ఎవరి కోసమో తెలియాలంటే ఇంకో డెబ్భై ఏళ్ళు వెనక్కి పోవాలి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో ఐదేళ్ళ ఒప్పందం మీద పనిచెయ్యడానికి వచ్చినవాళ్ళు. 1911లో ఆ పద్ధతి ఆగేలోపు మొత్తం 1,52,184 మంది అలా నేటాల్ చేరారు. మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు గంజాం, విశాఖ, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. మనలా వీసా, ఆఫర్ లెటర్ పట్టుకుని వెళ్ళినవాళ్ళు కారు. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళినవాళ్ళు.

ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదామంటే తలకు మూడు పౌన్ల వార్షిక పన్ను వేశారు. 1896లో నేటాల్‌లో భారతీయులకు ఓటు హక్కు దారి మూసేశారు. 1913లో ఒక న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళకు చట్టం దృష్టిలో విలువ లేకుండా పోయింది. ఒక్కసారి ఊహించుకోండి. మంగళసూత్రం మెడలో ఉండగానే, పిల్లలు చంకలో ఉండగానే, నువ్వు భార్యవి కావు పొమ్మన్నట్టు. ఆ ఏడాది గాంధీగారి సత్యాగ్రహంలో ఆడవాళ్ళు పిల్లలతో సహా జైళ్ళకు వెళ్ళింది అందుకే. 1914లో మూడు పౌన్ల పన్ను పోయింది, పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది. ఓటు మాత్రం రాలేదు.

ఓటు లేనివాడి మాట ఎవరు వింటారు? అందుకే 1927లో రెండు ప్రభుత్వాలు కేప్‌టౌన్‌లో ఒప్పందం చేసుకున్నప్పుడు, భారత ప్రభుత్వం తరఫున ఒక మనిషి అక్కడే ఉండాలని ఏర్పాటు జరిగింది. మొదట వెళ్ళినాయన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి. ఆయనకు మా ఆస్ట్రేలియాతో కూడా సంబంధం ఉంది. 1922లో ఆయన ఇక్కడికి వచ్చి, ఈ దేశంలో స్థిరపడిన భారతీయులకు ఓటు ఇవ్వాలని వాదించి వెళ్ళారు. 1925లో చట్టం మారి, బ్రిటిష్ ఇండియాలో పుట్టి ఇక్కడ ఉంటున్నవాళ్ళకు ఓటు వచ్చింది. రంగు చూసి రానివ్వాలా వద్దా అని తేల్చే వలస చట్టం నడుస్తున్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. శాస్త్రిగారి తర్వాత, 1929లో, దక్షిణాఫ్రికాలో ఆ కుర్చీలోకి వచ్చింది మన వెంకటరెడ్డి నాయుడుగారు.

కుర్చీ పెద్దదే గాని చేతిలో ఉన్నది నోటి మాట ఒక్కటే. ఆయన వెళ్ళిన మరుసటి ఏడాది, 1930లో, ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు ఎక్కడ ఉండాలి, ఎక్కడ వ్యాపారం చెయ్యాలి, ఏ భూమి మీద హక్కు ఉండాలి అన్నవాటిని బిగించే బిల్లు పార్లమెంటులోకి వచ్చింది. ఏజెంటు ఆ పార్లమెంటులో సభ్యుడు కాదు. మంత్రుల్ని కలవడం, ఢిల్లీకి రాయడం, బిల్లును రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకునేదాకా ఆపించడం, ఆయన పరిధిలో ఉన్నవి ఇవే. బిల్లు ఆగింది. కానీ పోలేదు. 1932లో కొన్ని మార్పులతో చట్టమైంది.

రెండో సమస్య ఇంకా నొప్పిగా ఉండేది. 1927 ఒప్పందంలోనే, ఇండియాకు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకు పెద్దవాళ్ళకైతే 20 పౌన్లు, పిల్లలకైతే 10 పౌన్లు ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి పంపే పథకం ఉంది. ఆ డబ్బు తీసుకుని మద్రాసులో దిగినవాళ్ళలో చాలామంది డర్బన్‌లో పుట్టినవాళ్ళు. ఊరు పేరు అమ్మమ్మ నోట విన్నదే తప్ప చూసింది లేదు. వచ్చాక ఊళ్ళో కులం కట్టుబాట్లు, పని దొరకకపోవడం, ఎండ, జబ్బులు. అక్కడివాళ్ళు కాకుండా పోయారు, ఇక్కడివాళ్ళూ కాలేకపోయారు. రెంటికీ చెడ్డ రేవడి అంటామే, అది.

1932 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కేప్‌టౌన్‌లో రెండో సమావేశం జరిగింది. భారత బృందానికి ఫజ్లీ హుస్సేన్ నాయకుడు. శ్రీనివాస శాస్త్రి, వెంకటరెడ్డి నాయుడుగార్లతో పాటు ఆ బల్ల దగ్గర ఒక ఆడమనిషి కూడా కూర్చుంది. సరోజినీ నాయుడు. బెంగాలీ ఇంట పుట్టి, హైదరాబాదులో పెరిగి, డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడి మన తెలుగింటి కోడలైన మనిషి. ఎనిమిదేళ్ళ ముందే డర్బన్‌లో దక్షిణాఫ్రికా భారతీయ కాంగ్రెస్ సభకు అధ్యక్షత వహించిన అనుభవం ఆవిడది.

ఆ సమావేశం తర్వాత వచ్చిన ప్రకటనలో ఒక వాక్యం సారాంశం నన్ను ఆపేసింది. దేశంలో ఉన్న భారతీయుల్లో 80 శాతం మంది దక్షిణాఫ్రికాలోనే పుట్టినవాళ్ళు కాబట్టి, తిరిగి పంపే పథకంతో ఇక ఒరిగేదేమీ పెద్దగా లేదని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. వకీళ్ళు, మంత్రులు, పెద్దమనుషులు ఏళ్ళ తరబడి వాదించినా తెగని విషయాన్ని ఆ 80 శాతం తేల్చింది. ఆ 80 శాతాన్ని కన్నది ఎవరు? తోటల పక్క బారకాసుల్లో పురుళ్ళు పోసుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ ప్రకటనలోనూ ఉండవు.

అయితే కథ అక్కడ సుఖాంతం కాలేదు. ఇండియాకు పంపలేకపోతే మరో చోటికి పంపగలమా అన్న ఆలోచన అదే సమావేశంలో పుట్టింది. ఆ తర్వాత వేసిన కమిటీ పరిశీలించదగిన చోట్లుగా ఉత్తర బోర్నియో, న్యూ గినీ, బ్రిటిష్ గయానా పేర్లు చెప్పింది. పటం తీసి చూడండి. న్యూ గినీ, బోర్నియో రెండూ మా డార్విన్‌కు ఎదురుగా, సముద్రం అవతల ఉన్నవే. డర్బన్‌లో పుట్టిన తెలుగు పిల్లల్ని ఎవరో గదిలో కూర్చుని మా పక్క దీవులకు తరలించాలని లెక్కలు వేశారని చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. దాని మీద నేటాల్ భారతీయుల్లోనే చీలికలు వచ్చాయి. మేమిక్కడ పుట్టాం, ఎక్కడికీ వెళ్ళం అని ఒక వర్గం సొంత సంఘం పెట్టుకుంది. ఆ పథకం చివరికి కాగితం దాటలేదు.

వెంకటరెడ్డి నాయుడుగారు ఏజెంటుగా ఉన్న రోజుల్లోనే, 1931లో, డర్బన్‌లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ మొదలైంది. ఒప్పందాలు, చట్టాలు ఎన్నో మారాయి, ఆ సభ మాత్రం నిలిచింది. తెలుగు బడులు, పండుగలు, నాటకాలు దాని నీడన సాగాయి. ప్రభుత్వాలు చేసే పనులు ఒక ఎత్తు, మనం చేసుకునేవి ఒక ఎత్తు.

1932లో ఆయన తిరిగి వచ్చారు. 1936లో మద్రాసు గవర్నరు సెలవు మీద వెళ్ళినప్పుడు మూడున్నర నెలలు తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఘనంగా గెలిచినా వెంటనే ప్రభుత్వం ఏర్పాటు చెయ్యనన్నప్పుడు, ఏప్రిల్ 1 నుంచి జులై 14 వరకు ఆయన మద్రాసు రాష్ట్ర తొలి ప్రీమియర్ అయ్యారు. తర్వాత రాజాజీ వచ్చారు. చివరి రోజుల్లో అన్నామలై విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, 1942లో కన్నుమూశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆయన ఇంట గెలవలేదు. ప్రజలు ఓడించిన పార్టీ తరఫున మూడున్నర నెలలు కుర్చీలో కూర్చున్నారనే మాట మిగిలింది. స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న రోజుల్లో తెల్లవాళ్ళ ప్రభుత్వంతో కలిసి పనిచేసిన మనిషిని జనం గుండెల్లో పెట్టుకోరు. అందులో అన్యాయం ఏమీ లేదు. అలాగని ఆయన పనిని గాలికి వదిలెయ్యడమూ న్యాయం కాదు. తనది కాని దేశంలో, తనకు ఓటు లేని సభ ముందు, తన జనం తరఫున మూడేళ్ళు నిలబడి మాట్లాడిన తెలుగు మనిషి ఆయన.

మళ్ళీ నా ప్రశ్నకు వస్తాను. అలాంటి మనిషి చెయ్యగలిగింది సమయం సంపాదించి పెట్టడం. బిల్లును రెండేళ్ళు ఆపించడం, బల్ల దగ్గర మనకో కుర్చీ వేయించడం. చెయ్యలేనిది, అక్కడ పుట్టిన బిడ్డకు ‘ఇది నీ దేశమే’ అన్న హక్కు తెచ్చి ఇవ్వడం. ఆ హక్కు అక్కడి ఓటుతోనే వస్తుంది. దక్షిణాఫ్రికాలోని మన వాళ్ళు దాని కోసం 1994 దాకా ఎదురుచూశారు.

మనకు ఆ ఎదురుచూపు లేదు. ఆస్ట్రేలియాలో పౌరసత్వం వచ్చిందంటే ఓటు వెయ్యడం హక్కే కాదు, తప్పనిసరి కూడా. అయినా మన ఇళ్ళల్లో ‘ఎవరికి వెయ్యాలో మీ అన్నయ్యగారు చెప్తారులే’ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేటాల్‌లో తెలుగు ఆడవాళ్ళు మూడు తరాలు లేక అల్లాడింది ఈ కాగితం ముక్క కోసమే. దాన్ని మనమే చదివి, మనమే నింపుదాం.

ఇంకా ఓటు రానివాళ్ళు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, భర్త వీసా మీద వచ్చి ఇంట్లో ఒంటరిగా ఉన్న కొత్త పెళ్ళికూతుళ్ళు. కష్టం వస్తే వాళ్ళు ముందు ఫోన్ చేసేది కాన్సులేట్‌కు కాదు, గుడిలో ఒకసారి పలకరించిన అక్కకు. డార్విన్ లాంటి చిన్న ఊళ్ళో ఆ అక్క మనలో ఎవరైనా కావచ్చు. వాళ్ళకు ఏజెంటు మనమే.