మర తీసిన ముఖం, మనిషి పోసిన ప్రాణం

ఒళ్లో కూర్చున్న చెక్కబొమ్మ దవడ ఆడిస్తూ కబుర్లు చెబుతుంటే పెద్దలు కూడా పిల్లలైపోతారు. ఆ ముఖాన్ని ఉలితో చెక్కితేనే కళా? డూప్లికేటింగ్ మిషన్‌తో నకలు తీస్తే కాదా?

బొమ్మే మాట్లాడుతున్నట్టు భ్రమ కలిగించే వెంట్రిలాక్విజంలో గొంతు కళాకారుడిదే అయినా, ముఖం బొమ్మది. వెంట్రిలాక్విస్ట్ ఎడ్గర్ బెర్గెన్‌తో కలిసి అమెరికా రేడియో శ్రోతలను నవ్వించిన చార్లీ మెకార్తీ అనే బొమ్మ తలను షికాగోలో థియోడర్ మ్యాక్ చెక్కాడు. ఆ బొమ్మ మీద అభిమానం ఎంతటిదంటే, 1938లో బెర్గెన్‌కి ఇచ్చిన గౌరవ ఆస్కార్‌ను సైతం దవడ కదిలే చెక్క ప్రతిమగా తయారుచేశారు. ఇలాంటి తలలకు అక్కడ ఎక్కువగా వాడేది బాస్‌వుడ్. మెత్తగా, సన్నని పొరలతో ఉండి ఉలికి బాగా లొంగే చెక్క అది. ముఖం తీర్చాక తలలోపల తొలిచి, దవడను విడిగా కోసి, ఇరుసు మీద నిలిపి, స్ప్రింగునీ తాడునీ అమర్చాలి. దవడకీ బుగ్గకీ మధ్య సందు మరీ ఎక్కువైతే ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మరీ తక్కువైతే రంగు వేశాక నోరు బిగుసుకుపోతుంది.

మర చేసేదెంత?

నకలు తీసే యంత్రం కొత్తదేమీ కాదు. తుపాకుల చెక్క భాగాలను ఒకే తీరులో తీయడానికి థామస్ బ్లాంచార్డ్ 1820 నాటికే అలాంటి లేత్‌ను రూపొందించాడు. సూత్రం ఒకటే: ఒక కొన మూల బొమ్మను తడుముతూ పోతుంటే, దానికి జోడైన కత్తి పక్కనున్న దిమ్మె మీద అదే దారిలో చెక్కుతుంది. తడిమే కొన ఎంత లావో కత్తి మొనా అంతే ఉండాలి. ఆ కొన దూరలేని కంటి మూల, ముక్కుపుటం నకలులో మొద్దుబారిపోతాయి. నకలుకి మళ్లీ నకలు తీస్తే ఆ మొద్దుతనం ఇంకా పెరుగుతుంది. పైగా కత్తికి చెక్క నార ఎటు పోతుందో తెలియదు. అది లేపిన నూగును ఉప్పుకాగితంతో దించాలి, మొద్దుబారిన గీతలకు ఉలితో పదును తేవాలి. మర మోసేది ఆకారాన్నే, ముగింపు చేతిదే.

దీనికి గట్టి సాక్ష్యం అమెరికా వెంట్రిలాక్విస్ట్ పాల్ వించెల్ బొమ్మలు. అతని జెర్రీ మహోనీని ఫ్రాంక్ మార్షల్ చెక్కాడు. తర్వాత వించెల్ ఆ తలకు బాస్‌వుడ్‌లో నకళ్లు తీయించాడు. ఒకటి టీవీలో జెర్రీగానే వెలిగింది. మరికొన్నిటిని మార్చితే నకిల్‌హెడ్ స్మిఫ్ అనే వేరే పాత్ర పుట్టింది. ఒకే అచ్చు నుంచి వచ్చిన తలలు ఇద్దరు మనుషులయ్యాయంటే, తేడా యంత్రంలో లేదు, దాని తర్వాత పనిచేసిన చేతిలో ఉంది.

అభ్యంతరాలూ న్యాయమైనవే

యంత్రం తాకితే అది హస్తకళ కాదనేది మొదటి మాట. మన ఏటికొప్పాక బొమ్మలు తిరిగే లేత్ మీదే రూపుదిద్దుకుంటాయి. అయినా అంకుడు చెక్క మీద లక్క రంగు అద్దే ఆ పనిని హస్తకళ కాదని ఎవరూ అనరు. నిజమే, ఆ లేత్ దానంతటది నకలు తీయదు, అక్కడ ప్రతి ఒంపూ చేతి నిర్ణయమే. అందుకే తేల్చాల్సింది యంత్రం ఉందా లేదా అన్నది కాదు, నిర్ణయం ఎవరిదన్నది. చెక్కేవాడి కూడు పోతుందనేది రెండో మాట. ఇది తోసేయదగింది కాదు. ఒక తల చెక్కే వ్యవధిలో పలు నకళ్లు వస్తే ధర పడిపోతుంది. అయితే మూల బొమ్మ లేనిదే యంత్రానికి పని లేదు. కాబట్టి ప్రతి నకలు మీదా మూల శిల్పికి వాటా దక్కాలి. నేర్చుకునేవాళ్లు ముందు ఉలి పట్టాలి, యంత్రం తర్వాత. లేకపోతే కొన్నాళ్లకు నకలు తీయడానికి కొత్త ముఖమే మిగలదు.

నకలును నకలని చెప్పి అమ్మితే తప్పు లేదు, చేతిపని అని చెప్పి అమ్మితే మోసం. పొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మకైనా, మాట్లాడే బొమ్మకైనా ఇదే ధర్మం. ఈసారి చెక్కబొమ్మ కొనేటప్పుడు ధరకన్నా ముందు ఒక్క మాట అడగండి: దీని మూల బొమ్మను చెక్కిందెవరు?